బండి బాడీ ఎత్తిస్తున్నారా? లేత్ షాపు స్పేసర్లతో వచ్చే చిక్కులేంటి, ఆర్టీఏ నిబంధనలు ఏం చెబుతున్నాయి?

వానాకాలం వచ్చిందంటే జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో పికప్, జీపు, ట్రాలీ ఉన్నవాళ్లందరిదీ ఒకటే బాధ. లోపలి ఊళ్ల దారులు బురదవుతాయి. వాగుల మీది లోలెవెల్ వంతెనలు మునుగుతాయి. బండి కింద భాగం రాళ్లకు గీసుకుంటుంది. అలాంటప్పుడు వచ్చే సలహాల్లో ఒకటి 'బాడీ లిఫ్ట్'. లేత్ షాపులో నాలుగు వేళ్ల మందం దిమ్మెలు చేయించి, ఛాసిస్‌కూ బాడీకీ మధ్య పెట్టించుకుంటే బండి ఎత్తు పెరుగుతుందని, ఖర్చు కూడా తక్కువేనని చెబుతారు.

ఈ పని చేయిస్తే బండికి నిజంగా ఏం లాభం? చట్టం ఒప్పుకుంటుందా? ఫిట్‌నెస్, బీమా సంగతేంటి? అనుమతి కావాలంటే ఎక్కడికి వెళ్లాలి? పాత బండి కొనేటప్పుడు ఏం చూడాలి?

అసలు బాడీ లిఫ్ట్ అంటే ఏంటి?

పికప్‌లు, లారీలు, బొలెరో, స్కార్పియో, థార్, హైలక్స్ లాంటి బండ్లకు కింద ఉక్కు ఛాసిస్ వేరుగా ఉంటుంది. ఇంజిన్, గేర్‌బాక్స్, యాక్సిళ్లు, కమాన్ పట్టీలు దానికి బిగించి ఉంటాయి. క్యాబిన్, వెనక తొట్టి ఛాసిస్ మీద కూర్చుంటాయి. రెండింటి మధ్య రబ్బరు బుష్‌లు, వాటిలోంచి వెళ్లే పొడవాటి బోల్టులు ఉంటాయి. ఈ బుష్‌ల దగ్గర అదనంగా పెట్టే దిమ్మెనే స్పేసర్ అంటారు. దిమ్మె ఎంత మందం ఉంటే బాడీ అంత పైకి లేస్తుంది.

స్విఫ్ట్ లాంటి చిన్న కార్లకు విడి ఛాసిస్ ఉండదు. బాడీయే ఛాసిస్. కాబట్టి ఈ పద్ధతి వాటికి వర్తించదు. వాటిలో స్ప్రింగుల దగ్గర పెట్టే స్పేసర్లు వేరే రకం.

సొంతంగా చేయించేవాళ్లు సాధారణంగా నైలాన్ రాడ్, అల్యూమినియం రాడ్, ఇనుప పైపు ముక్క, గట్టి చెక్క, పాత రబ్బరు దిమ్మెల్లో ఏదో ఒకటి వాడతారు. మధ్యలో రంధ్రం చేసి, అసలు బోల్టు తీసేసి, దానికంటే పొడవైన బోల్టు వేస్తారు. పని చూడ్డానికి చాలా తేలిగ్గా కనిపిస్తుంది.

బండి కింద ఎత్తు పెరుగుతుందా?

పెరగదు. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే.

50 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే బాడీ 50 మి.మీ. పైకి లేస్తుంది. కానీ ఛాసిస్, వెనక యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు, గేర్‌బాక్స్ ఎక్కడివక్కడే ఉంటాయి. రాయికి తగిలేది ఆ గుండే. అంటే గ్రౌండ్ క్లియరెన్స్‌లో వచ్చిన లాభం సున్నా.

మరి విదేశాల్లో ఇదెందుకు చేస్తారు? పెద్ద టైర్లు పట్టడానికి. బాడీ లేస్తే చక్రం చుట్టూ ఖాళీ పెరుగుతుంది, పెద్ద టైరు మడ్‌గార్డుకు తగలదు. క్లియరెన్స్ పెంచేది ఆ టైరే. అదీ ఎంత? ఉదాహరణకు 215/75 ఆర్15 టైరు వ్యాసం దాదాపు 703 మి.మీ. 235/75 ఆర్15 టైరుది దాదాపు 733 మి.మీ. తేడా 30 మి.మీ. ఇరుసు చక్రం మధ్యలో ఉంటుంది కాబట్టి కింద పెరిగేది అందులో సగం, 15 మి.మీ. మాత్రమే. పైగా టైరు పెద్దదైతే స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది. పై లెక్క ప్రకారం మీటరు 80 చూపిస్తున్నప్పుడు బండి 83 దాటి పోతుంటుంది.

వాగు దాటడానికి పనికొస్తుందా?

భూపాలపల్లి మండలం మోరంచపల్లిని 2023 జూలై 27న మోరంచవాగు ముంచెత్తినప్పుడు ఊరి జనాన్ని కాపాడటానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలంలో ఆకేరు వాగు పొంగి ఒక కారు కొట్టుకుపోయింది. అందులోని తండ్రీకూతుళ్లు చనిపోయారు. ఇవి చూసినవాళ్లకు బండి ఎత్తు పెంచుకోవాలనిపించడం సహజమే.

కానీ లెక్క చూడండి. ఒక పికప్ అడుగు భాగం 4 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. నీళ్లు ఫ్లోర్‌ను దాటి 10 సెంటీమీటర్లు ఎక్కితే, లోపలికి నీరు చేరేలోపు బండిని దాదాపు 640 కిలోల మేర పైకి లేపుతాయి. 1,800 కిలోల బండి తేలడానికి ఫ్లోర్ మీద 28 సెంటీమీటర్ల నీళ్లు చాలు. పూర్తిగా తేలకముందే టైర్లకు పట్టు తప్పుతుంది. అప్పుడు పక్కనుంచి వచ్చే ప్రవాహమే బండిని వంతెన మీద నుంచి నెట్టేస్తుంది. పారే నీరు రెండడుగులుంటే చాలా వాహనాలు కొట్టుకుపోతాయని అమెరికా వాతావరణ సంస్థ ఏళ్లుగా హెచ్చరిస్తోంది.

ఇంత నీటి ముందు స్పేసర్ ఇచ్చేది రెండంగుళాలు. పొంగే వాగులో ఆ రెండంగుళాలు పెరగడానికి ఎంతోసేపు పట్టదు. 'బండి ఎత్తుగా ఉంది, పోవచ్చు' అన్న ధీమా మాత్రం ఆ రెండంగుళాల కంటే చాలా ఎక్కువ ఉంటుంది. అసలు ప్రమాదం అదే.

ఇంట్లో చేసిన స్పేసర్‌తో ఎక్కడ చెడుతుంది?

బోల్టు: బాడీ, సరుకు కలిపి 1,500 కిలోలు అనుకుందాం. గట్టిగా బ్రేకు తొక్కితే బాడీ ముందుకు తోసే బలం దాదాపు 900 కిలోల బరువుతో సమానం. ఫ్యాక్టరీ అమరికలో బోల్టు బిగువు, బుష్‌ల పట్టు కలిసి దీన్ని తట్టుకుంటాయి. మధ్యలో పొడవాటి దిమ్మె వచ్చాక బిగువు కొంచెం సడలినా ఆ తోపు బోల్టును వంచడం మొదలుపెడుతుంది. దిమ్మె ఎత్తు రెట్టింపైతే వంచే బలమూ రెట్టింపవుతుంది. పైగా బోల్టు తల మీద 8.8, 10.9 లాంటి గ్రేడ్ అంకె లేని మామూలు బోల్టు వాడితే పరిస్థితి ఇంకా ఘోరం.

దిమ్మె: నైలాన్ లాంటి ప్లాస్టిక్ బరువు కింద నెమ్మదిగా నొక్కుకుపోతుంది. చెక్క వానకు ఉబ్బి, ఎండకు ఎండి చీలుతుంది. పైపు ముక్క అంచు బాడీ రేకును కోస్తుంది. ఏది జరిగినా బోల్టు వదులవుతుంది. రెండు మూడు దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే అవి పక్కకు జారతాయి.

స్టీరింగ్: స్టీరింగ్ చక్రం క్యాబిన్‌తో పాటు పైకి లేస్తుంది. స్టీరింగ్ బాక్స్ ఛాసిస్ మీదే ఉంటుంది. రెండింటినీ కలిపే షాఫ్ట్ సాగాలి, దాని జాయింట్ల కోణం మారుతుంది. జాయింట్ పూర్తిగా కూర్చోకపోతే చక్రం తిప్పినా బండి తిరగని పరిస్థితి రావచ్చు.

పైపులు, వైర్లు: బ్రేకు పైపు, క్లచ్ పైపు, డీజిల్ పోసే గొట్టం, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, ఎర్త్ వైరు అన్నీ అసలు ఎత్తుకు కొలిచి వేసినవి. బాడీ లేస్తే అవి బిగుసుకుంటాయి. షెడ్డులో బాగానే కనిపించిన బ్రేకు పైపు గుంతల రోడ్డు మీద తెగవచ్చు. రేడియేటర్ బాడీతో లేచి, ఫ్యాన్ ఇంజిన్‌తో కిందే ఉండిపోతే దాని రెక్కలు కవరుకు తగులుతాయి.

హెడ్‌లైట్లు: క్యాబిన్‌తో పాటు అవీ పైకి లేస్తాయి. ఎదురుగా బైక్ మీద వచ్చేవాడి కళ్లలో పడతాయి.

బోల్తా: బరువు ఎత్తులోకి పోయిన కొద్దీ మలుపులో బండి నిలకడ తగ్గుతుంది. దాని మీద పత్తి బోరాలో మిర్చి బస్తాలో ఎత్తుగా వేస్తే ఆ ప్రభావం రెట్టింపవుతుంది. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం అసలే నేరం. అయినా కోతల కాలంలో కూలీలు తొట్టిలో నిలబడి వెళ్లడం మనం చూస్తూనే ఉన్నాం. నిలబడ్డ మనుషుల బరువు బస్తాల కంటే ఎత్తులో ఉంటుంది. బోల్టు విరిగినా బండి ఒరిగినా ముందు దెబ్బ తగిలేది వాళ్లకే.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం-1988లోని సెక్షన్ 52 దీనికి కీలకం. ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఉండేలా యజమాని వాహనాన్ని మార్చకూడదని అది చెబుతోంది. వాహనం మౌలిక స్వభావం మారేలా నిర్మాణంలో చేసే మార్పును చట్టం 'ఆల్టరేషన్' అంటుంది. సీఎన్‌జీ కిట్, దివ్యాంగుల కోసం చేసే మార్పుల లాంటి వాటికి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి.

2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళకు చెందిన ఒక కేసులో ఇదే స్పష్టం చేసింది. తయారీదారు ఇచ్చిన నమూనాకు విరుద్ధంగా మార్చిన వాహనాన్ని రిజిస్టర్ చేయడం కుదరదని, రాష్ట్ర నిబంధనలు ఈ సెక్షన్‌ను దాటి పోలేవని చెప్పింది.

శిక్షల విషయానికొస్తే:

• అనుమతి లేని విడిభాగాలు బిగించి వాహనాన్ని మార్చిన యజమానికి సెక్షన్ 182ఏ కింద 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ.
• ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసీ బండి నడిపితే సెక్షన్ 190 కింద జరిమానా. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరైనా గాయపడితే 3 నెలల వరకు జైలు లేదా రూ.5,000 వరకు జరిమానా.
• సరుకు అనుమతించిన ఎత్తు దాటితే సెక్షన్ 194 కింద రూ.20,000, దానితో పాటు దింపే ఖర్చు. బరువు దాటితే రూ.20,000కు తోడు ప్రతి అదనపు టన్నుకు రూ.2,000.

ఇవి చట్టంలో ఉన్న మొత్తాలు. రోడ్డు మీద అక్కడికక్కడే కట్టించుకునే కాంపౌండింగ్ రుసుము రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది కాబట్టి తేడా ఉండవచ్చు.

జరిమానా కంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. వాహనం ప్రజలకు ప్రమాదకరంగా ఉందని తేలితే, యజమాని వాదన విన్నాక రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేసే అధికారం సెక్షన్ 53 కింద ఉంది. సస్పెన్షన్ ఆరు నెలలు ఆగకుండా కొనసాగితే సెక్షన్ 54 కింద రద్దు కూడా చేయవచ్చు. బండి మీద బతికే కుటుంబానికి ఆరు నెలలంటే ఒక పంట కాలం.

ఫిట్‌నెస్‌లో ఏమవుతుంది?

సరుకు వాహనాలకు ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. బ్రేకులు, స్టీరింగ్, లైట్లు, బాడీ బిగింపు అన్నీ చూస్తారు. స్పేసర్లు కనిపిస్తే తీసేసి రమ్మని వెనక్కి పంపవచ్చు. ఫిట్‌నెస్ లేని రవాణా వాహనానికి చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ ఉన్నట్టు కాదని సెక్షన్ 56 చెబుతోంది. తనిఖీ రోజు తీసేసి మర్నాడు మళ్లీ బిగించుకుందాం అనుకునేవాళ్లూ ఉంటారు. అలా విప్పి బిగించిన ప్రతిసారీ బోల్టు, దాని మర ఇంకాస్త బలహీనపడతాయి.

బీమా వస్తుందా?

సొంత బండికి జరిగిన నష్టం: వాహనాన్ని సరైన స్థితిలో ఉంచడానికి యజమాని తగిన జాగ్రత్తలు తీసుకోవాలన్నది మోటారు పాలసీల్లో ఉండే షరతు. కంపెనీకి చెప్పని నిర్మాణ మార్పు ప్రమాదానికి కారణమని సర్వేయర్ రాస్తే క్లెయిమ్ తిరస్కరణకు గురికావచ్చు. వాగు నీళ్లు ఇంజిన్‌లోకి పోయి చెడితే, ఇంజిన్ ప్రొటెక్ట్ లాంటి అదనపు కవర్ లేకుండా పరిహారం రావడం కష్టం.

ఎదుటివారికి జరిగిన నష్టం: పర్మిట్ లేని వాహనం కేసులో 2018లో సుప్రీంకోర్టు, బాధితులకు బీమా కంపెనీ ముందు చెల్లించి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవాలన్న ఆదేశాన్ని సమర్థించింది. పత్రాలు సరిగా లేని బండి యజమాని గుర్తుంచుకోవాల్సింది ఇదే. బాధితుడికి డబ్బు అందుతుంది. కానీ ఆ బాకీ యజమాని ఇంటి మీదికి వస్తుంది.

అనుమతి తీసుకుని చేయించుకోవచ్చా? ఎక్కడికి వెళ్లాలి?

2016 అక్టోబర్‌లో పాత వరంగల్ జిల్లా విడిపోయాక ఈ మూడు జిల్లాలకూ వేర్వేరు రిజిస్ట్రేషన్ కోడ్‌లు వచ్చాయి. భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ బదులు టీజీ వస్తోంది. మీ చిరునామా ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా రవాణా అధికారి కార్యాలయానికే వెళ్లాలి.

పద్ధతి ఇలా ఉంటుంది:

1. పని చేయించే ముందే వెళ్లండి. ఆర్సీ, బీమా, ఫిట్‌నెస్ పత్రాలు, చేయదలచిన మార్పు వివరం తీసుకెళ్లి మోటారు వాహన తనిఖీ అధికారిని అడగండి. సాధ్యం కాదంటే ఆ మాట అప్పుడే తెలుస్తుంది.
2. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ల రాతపూర్వక అంగీకారం తీసుకోండి. ఫైనాన్స్‌లో ఉన్న బండిని అంగీకారం లేకుండా మార్చడం సెక్షన్ 52 ప్రకారమే తప్పు.
3. అనుమతి పొందిన మార్పు చేయించాక 14 రోజుల్లోపు రిపోర్ట్ చేసి, ఆర్సీలో నమోదు చేయించాలి.
4. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, పాలసీలో చేర్పించాలి.

లేత్ షాపులో చేసిన స్పేసర్ విషయంలో చిక్కు మొదటి మెట్టులోనే వస్తుంది. వాహన భాగాలకు పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు పరీక్ష చేసి ధ్రువపత్రం ఇస్తాయి. షెడ్డులో కోసిన దిమ్మెకు అలాంటి కాగితం ఉండదు. అధికారి ముందు పెట్టడానికి మీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు కాబట్టి అనుమతి వస్తుందని ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

మరి బురద దారికి ఏం చేయాలి?

• పాత బండి వెనక భాగం కుంగి ఉంటే ముందు కమాన్ పట్టీలు చూపించండి. అరిగిన, విరిగిన పట్టీల స్థానంలో కంపెనీ చెప్పిన సెట్ వేయిస్తే పోయిన ఎత్తు తిరిగి వస్తుంది. ఇది మరమ్మతు, మార్పు కాదు.
• నొక్కుకుపోయిన బాడీ బుష్‌లకు అసలైన కొత్తవి వేయించండి.
• టైర్లు మార్చాలంటే ఓనర్ మాన్యువల్‌లో ఉన్న సైజుల్లోనే, బురదకు పనికొచ్చే గాళ్లున్నవి తీసుకోండి.
• బరువు తగ్గించండి. లోడు దింపితే కమాన్లు లేచి బండి ఎత్తు దానంతటదే పెరుగుతుంది.
• తరచూ అడవి దారుల్లో తిరగాల్సి వస్తే, తదుపరి బండి కొనేటప్పుడు ఫోర్ బై ఫోర్ రకం చూడండి.
• వాగు మీద నీళ్లు పారుతుంటే ఆగండి. ఏ బండికైనా అదే నియమం.

సెకండ్ హ్యాండ్ బండి కొంటున్నారా?

బేరం చేసే ముందు బండి కిందికి వంగి, ఫోన్ టార్చ్ వేసి ఇవి చూడండి:

• ఛాసిస్‌కూ బాడీకీ మధ్య రబ్బరు బుష్ కాకుండా తెల్లటి, నల్లటి, ఇనుప దిమ్మెలు ఉన్నాయా?
• పాత తుప్పు మధ్యలో కొన్ని బోల్టులు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయా?
• ముందు బంపర్‌కూ గ్రిల్‌కూ మధ్య ఖాళీ ఎక్కువగా ఉందా?
• బ్రేకు పైపులు తీగలా బిగుసుకుని ఉన్నాయా?
• టైరు సైజు మాన్యువల్‌లో ఉన్నదేనా?
• ఆర్సీలోని బాడీ రకం, ఖాళీ బరువు, మొత్తం బరువు బండితో సరిపోతున్నాయా?

ఏదైనా తేడా కనిపిస్తే, అమ్మేవారి చేతే పాత స్థితికి తెప్పించి, ఫిట్‌నెస్ చేయించాకే డబ్బులివ్వండి. బండి పేరు మారిన రోజు నుంచి ఆ దిమ్మెలకు జవాబుదారీ మీరే.

ఇప్పటికే స్పేసర్లు వేయించి ఉంటే?

భయపడి రాత్రికి రాత్రి సొంతంగా విప్పకండి. స్టీరింగ్ షాఫ్ట్, బ్రేకు పైపులు, గేర్ లివర్ కొత్త ఎత్తుకు సర్ది ఉంటారు కాబట్టి అన్నీ కలిపి వెనక్కి తేవాలి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో, అనుభవమున్న మెకానిక్ దగ్గరో తీయించి, అసలు కొలత బోల్టులు, కొత్త బుష్‌లు వేయించండి. తర్వాత వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల దిశ, బ్రేకులు చూపించండి. బిల్లు దాచి ఉంచుకోండి. రేపు ఫిట్‌నెస్ అధికారి అడిగినా, బీమా సర్వేయర్ అడిగినా చూపించడానికి అది పనికొస్తుంది. ఆ పని పూర్తయ్యేవరకు తొట్టిలో లోడు వేయకండి, మనుషుల్ని అసలే ఎక్కించకండి.